డిస్క్ బ్రేక్ క్యాలిపర్ సర్వీసు: ఇంట్లో ఎంతవరకు, ఎక్కడ ఆగాలి?

డ్రమ్ బ్రేకుల రోజుల్లో బ్రేకు సర్వీసంటే పెద్ద పనేం కాదు. చక్రం ఊడదీసి, బ్రేకు షూలను ఎమరీ పేపరుతో రుద్ది, లోపలి దుమ్ము దులిపి, కాస్త గ్రీజు పెట్టి బిగిస్తే అయిపోయేది. ఆదివారం పొద్దున ఇంటిముందు బండి కడుక్కునేవాళ్లలో చాలామందికి అది వచ్చిన పనే. ఇప్పుడు బండ్లు మారాయి. 125 సీసీ దాటిన ద్విచక్ర వాహనాలకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి అయింది. చిన్న బండ్లకూ దాన్ని విస్తరించాలంటూ 2025 జూన్‌లో కేంద్రం ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చింది. మన దగ్గర ఏబీఎస్ ఉందంటే కనీసం ముందు చక్రానికి డిస్కూ, బ్రేకు ద్రవం నడిచే హైడ్రాలిక్ లైనూ ఉన్నట్టే. బండి మారినా చేతి అలవాటు మారదు కదా, డిస్క్ బ్రేకు దగ్గరికీ అదే ఎమరీ పేపరు, అదే పెట్రోలు గుడ్డ, అదే గ్రీజు డబ్బా పట్టుకుని కూర్చుంటున్నారు.

దీని మీద రెండు వాదనలు గట్టిగా వినిపిస్తాయి. క్యాలిపర్ (చక్రం దగ్గర ప్యాడ్లతో డిస్క్‌ను పట్టుకునే భాగం) జోలికి పోవద్దు, ప్రాణాల మీదికొస్తుంది అనేది ఒకటి. అరగంట పనికి మెకానిక్ ఎందుకు అనేది ఇంకొకటి. విచిత్రమేమిటంటే రెండూ నిజమే, ఎందుకంటే ఈ రెండు వర్గాలూ మాట్లాడుతున్నది ఒకే పని గురించి కాదు. ఆ తేడా తెలియాలంటే ముందు లోపల ఏం జరుగుతుందో చూడాలి.

## లివర్ నొక్కితే డిస్క్ దాకా

హ్యాండిల్ మీద కుడి లివర్ పక్కన చిన్న డబ్బా ఉంటుంది కదా, దాని కిందే మాస్టర్ సిలిండర్. లివర్ నొక్కితే అందులోని చిన్న పిస్టన్ కదిలి, గొట్టంలో ఉన్న బ్రేకు ద్రవాన్ని తోస్తుంది. ద్రవం నొక్కితే కుంచించుకుపోదు. అందుకే ఆ ఒత్తిడి నేరుగా చక్రం దగ్గరున్న క్యాలిపర్‌కు చేరి, అక్కడి పెద్ద పిస్టన్‌ను బయటికి నెడుతుంది. పిస్టన్ ప్యాడ్‌ను నెడుతుంది, ప్యాడ్ డిస్క్‌ను పట్టుకుంటుంది.

మామూలు బండ్లలో ఎక్కువగా కనిపించేది ఫ్లోటింగ్ క్యాలిపర్. పిస్టన్లు ఒక పక్కనే ఉంటాయి. అవి తమ పక్క ప్యాడ్‌ను డిస్క్‌కు ఒత్తగానే క్యాలిపర్ ఒళ్లంతా రెండు స్లైడ్ పిన్నుల మీద పక్కకు జరిగి, అవతలి ప్యాడ్‌ను కూడా అంతే బలంతో లాక్కొస్తుంది. అంటే ఇందులో కదలాల్సినవి రెండు: సిలిండర్‌లో పిస్టన్, పిన్నుల మీద క్యాలిపర్. ఈ రెండింటిలో ఏది బిగుసుకున్నా బయటికి జనం చెప్పే ఫిర్యాదు ఒకటే, బ్రేకు పట్టేస్తోంది అని. కారణాలు వేరు, మందులూ వేరు.

ఒక ఉదాహరణ తీసుకుని లెక్క వేద్దాం. మాస్టర్ సిలిండర్ పిస్టన్ వ్యాసం 12.7 మిల్లీమీటర్లు, క్యాలిపర్‌లో 32 మిల్లీమీటర్ల పిస్టన్ ఒకటి ఉందనుకుందాం. లివర్ మన వేలి బలాన్ని ఆరింతలు చేస్తుందనుకుందాం. వేళ్లతో 5 కిలోల బలం పెడితే మాస్టర్ పిస్టన్ మీద 30 కిలోలు పడుతుంది. దాని వైశాల్యం 1.27 చదరపు సెంటీమీటర్లు కాబట్టి ద్రవంలో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 24 కిలోలు. పెద్ద పిస్టన్ వైశాల్యం 8 చదరపు సెంటీమీటర్లు. అక్కడ పుట్టే బలం దాదాపు 190 కిలోలు. రెండు వేళ్లతో నొక్కిన నొక్కుడుకు ఒక్కో ప్యాడ్ మీద దాదాపు రెండు క్వింటాలు బియ్యం మూటల బరువు పడుతుందన్నమాట.

బలం ఊరికే పెరగదు, దూరం తగ్గుతుంది. మాస్టర్ పిస్టన్ ఒక మిల్లీమీటరు కదిలితే పెద్ద పిస్టన్ కదిలేది 0.16 మిల్లీమీటరు మాత్రమే. ఇంత సన్నటి కదలికల మీద నడిచే యంత్రంలోకి కాస్త గాలి దూరితే ఏమవుతుంది? ఒక్క మిల్లీలీటరు గాలి బుడగ ఉందనుకుందాం. 24 కిలోల ఒత్తిడి కింద అది దాదాపు మాయమయ్యేంతగా నలుగుతుంది. ఆ ఖాళీ నింపడానికే మాస్టర్ పిస్టన్ దాదాపు 8 మిల్లీమీటర్లు కదలాలి. వేళ్ల దగ్గర అది ఇంచుమించు 47 మిల్లీమీటర్లు. లివర్ హ్యాండిల్‌కు తగిలేదాకా వచ్చినా బ్రేకు పడకపోవడానికి ఇంజెక్షన్ సిరంజిలో ఒక గీతంత గాలి చాలు. "ఎయిర్ పట్టింది" అని మెకానిక్ తేలిగ్గా అనేసే మాట వెనక ఉన్న లెక్క ఇది.

## పిస్టన్‌ను వెనక్కి లాగేది ఏది?

డ్రమ్ బ్రేకులో షూలను వెనక్కి లాగడానికి స్ప్రింగులు ఉంటాయి. క్యాలిపర్ విప్పి చూసినవాళ్లు ఇక్కడ స్ప్రింగు కోసం వెతికితే కనపడదు. ఆ పని చేసేది పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు. దాని అడ్డుకోత గుండ్రంగా కాక నలుచదరంగా ఉంటుంది. సిలిండర్ గోడలో చెక్కిన గాడిలో అది కూర్చుని, పిస్టన్‌ను బిగువుగా పట్టుకుంటుంది. పిస్టన్ ముందుకు కదిలితే సీలు దాన్ని వదలకుండా ముందుకు వంగుతుంది. లివర్ వదలగానే ఒత్తిడి పోతుంది, వంగిన రబ్బరు మళ్లీ నిటారుగా లేస్తుంది, తనతోపాటు పిస్టన్‌ను ఒక మిల్లీమీటరులో పదో వంతో, అంతకు కాస్త ఎక్కువో వెనక్కి లాక్కుంటుంది. డిస్క్ స్వేచ్ఛగా తిరగడానికి ఆ మాత్రం చాలు. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ సీలు మీద కొంచెం జారి ముందుకొచ్చి, అక్కడి నుంచి మళ్లీ ఇదే ఆట ఆడుతుంది. అందుకే డిస్క్ బ్రేకును డ్రమ్ముకు లాగా టైట్ చేయించుకోవాల్సిన అవసరం రాదు.

నా ఉద్దేశంలో ఈ బ్రేకు మొత్తంలో తెలివైన భాగం ఇదే. కానీ జనం దాన్ని కారకుండా ఆపే వాషర్ అనుకుంటారు. కారకుండా ఆపడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. సీలు గట్టిబడినా, ఉబ్బినా, పిస్టన్ ఒంటికి మట్టి పట్టినా చుక్క కూడా కారకపోవచ్చు, కానీ వెనక్కి లాగే పని ఆగిపోతుంది. ప్యాడ్ డిస్క్‌ను ఆనుకునే ఉంటుంది. మైలేజీ తగ్గుతుంది, డిస్క్ వేడెక్కుతుంది, ప్యాడ్లు త్వరగా అయిపోతాయి.

మట్టి ఎక్కడ పడుతుందో చూడాలంటే, ప్యాడ్లు బాగా అరిగిన బండిలో వాటిని తీసి పిస్టన్‌ను పక్కనుంచి గమనించండి. సీలుకు దగ్గరగా ఉన్న భాగం మెరుస్తుంటుంది. బయటికి పొడుచుకొచ్చిన భాగం మీద నల్లటి పట్టీ కనిపిస్తుంది. ప్యాడ్ పొడి, రోడ్డు దుమ్ము, వాన తడి కలిసి వేడికి అంటుకుపోయిన పొర అది. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి వాటికి చోటు కావాలి, చోటు కోసం పిస్టన్‌ను లోపలికి నొక్కాలి. శుభ్రం చేయకుండా నొక్కితే ఆ నల్ల పట్టీ కాస్తా బయటి దుమ్మును ఆపే డస్ట్ సీలు మీదుగా లోపలికి పోతుంది. ప్యాడ్లు మార్పించాకే బ్రేకు పట్టేయడం మొదలైందని చెప్పేవాళ్లలో చాలామంది కథ ఇదే. తప్పు కొత్త ప్యాడ్లది కాదు.

## ఒకే పేరుతో మూడు పనులు

క్యాలిపర్ సర్వీసు అనే మాట కింద మూడు వేర్వేరు పనులు నడుస్తున్నాయి.

మొదటిది పైపై శుభ్రం. క్యాలిపర్‌ను ఫోర్కు నుంచి విప్పుతారు కానీ గొట్టం తీయరు, ద్రవం బయటికి రాదు. ప్యాడ్లు తీసి, పిస్టన్ బయటి భాగం కడిగి, స్లైడ్ పిన్నులు తుడిచి, కొత్త గ్రీజు పెట్టి బిగిస్తారు. రెండోది ద్రవం మార్చడం, గాలి తీయడం. మూడోది పిస్టన్లను పూర్తిగా బయటికి తీసి సీళ్లు మార్చడం, మన మెకానిక్ షెడ్లలో కిట్ వేయడం అంటారు.

గీత ఎక్కడ గీయాలంటే నేను మొదటి పనికీ రెండో పనికీ మధ్య గీస్తాను. మొదటి పనిలో హైడ్రాలిక్ లైను తెరుచుకోదు, కాబట్టి లోపలికి గాలి వెళ్లే దారే లేదు. బోల్టులు మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు బిగించగలిగినవాళ్లు, పని జరుగుతున్నంతసేపూ క్యాలిపర్‌ను గొట్టానికి వేలాడదీయకుండా తాడుతో కట్టుకోవాలన్న స్పృహ ఉన్నవాళ్లు ఇంట్లో చేసుకునే పనే. అరగంట పని అనేవాళ్లు చెప్పేది దీని గురించి. ప్రాణాల మీదికొస్తుంది అనేవాళ్ల మనసులో ఉండేది మూడోది. మధ్యలోని రెండో పని మాత్రం నిజంగానే చర్చకు వదిలేయాల్సింది. పద్ధతి తేలికే, పొరపాటు జరిగిందో లేదో లివర్ వెంటనే చెప్పేస్తుంది. కానీ పొరపాటు జరిగితే సరిచేసుకునేదాకా బండి రోడ్డెక్కకూడదు.

ఏ పని అవసరమో ప్యాడ్లే చాలావరకు చెబుతాయి. ఫ్లోటింగ్ క్యాలిపర్‌లో పిస్టన్ పక్క ప్యాడ్ పలచబడి, అవతలిది మందంగా ఉంటే స్లైడ్ పిన్నులు బిగుసుకుని ఉండే అవకాశం ఎక్కువ. ప్యాడ్ ఒక చివర పలచగా, ఇంకో చివర మందంగా అరిగినా అనుమానం ముందు పిన్నుల మీదే. రెండూ సమంగానే ఉన్నా చక్రం తిరగడం బరువుగా ఉంటే పిస్టన్ వైపు చూడాలి. చక్రం లేపి తిప్పినప్పుడు సన్నగా రాసుకున్న చప్పుడు వినపడటం మాత్రం మామూలే. దానికి క్యాలిపర్ విప్పనక్కర్లేదు.

## దేంతో కడగాలన్న గొడవ

ఇక్కడ ఎవరి వంటకం వాళ్లది. పెట్రోలు అనేవాళ్లున్నారు, డీజిల్ అనేవాళ్లున్నారు, తుప్పు వదిలించే స్ప్రే కొట్టేస్తే చాలనేవాళ్లున్నారు.

డాట్ రకం ద్రవంతో (డబ్బా మీద డాట్ 3, డాట్ 4 అని రాసి ఉండేది) నడిచే బ్రేకుల్లో సీళ్లకు ఎక్కువగా వాడేది ఈపీడీఎం అనే రబ్బరు. గ్లైకాల్ జాతి ద్రవంలో ఏళ్ల తరబడి నానినా అది చెక్కుచెదరదు. పెట్రోలియం నూనెలు తగిలితే మాత్రం ఉబ్బిపోతుంది. షాపులో బ్రేక్ ఆయిల్ అని అడిగితే ఇచ్చేది గ్లైకాల్ ద్రవమే. పెట్రోలు, డీజిల్, కిరోసిన్, ఇంజన్ ఆయిల్, మామూలు గ్రీజు, చాలా రకాల పెనిట్రేటింగ్ స్ప్రేలు అవతలి జాతి. వాటితో తుడవగానే మురికి భలేగా వదులుతుంది, అందుకే వాటికి అంత పేరు. రబ్బరు ఉబ్బడం ఆ సాయంత్రం కనపడదు. నెల తర్వాత పిస్టన్ కదలనప్పుడు ఆ గుడ్డ ఎవరికీ గుర్తుండదు.

ఈ కోణంలో వాటర్ సర్వీసింగ్ సెంటర్ల మీద నాకో ఫిర్యాదు ఉంది. చాలాచోట్ల నీళ్లు కొట్టే ముందు బండి మీద డీజిలో కిరోసినో స్ప్రే చేస్తారు. ఇంజన్ కింద జిడ్డుకు అది పనికొస్తుంది. డిస్క్ మీద, క్యాలిపర్ మీద పడితే ప్యాడ్లు ఆ నూనె పీల్చుకుంటాయి. బండి తళతళలాడుతూ ఇంటికొస్తుంది, బ్రేకు మాత్రం జారుతుంది. ముందు చక్రం దగ్గర కొట్టొద్దని ముందే చెప్పడం తప్ప మార్గం లేదు.

మరి మిగిలినవేంటి? గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు ద్రవం, పాత టూత్ బ్రష్. పైపై శుభ్రానికి ఇవి సరిపోతాయి, రబ్బరుకు హాని లేదు. నీళ్లు వద్దనేవాళ్ల భయం తుప్పు గురించి. ఆరబెట్టకుండా బిగిస్తే అది నిజమే. బ్రేక్ క్లీనర్ స్ప్రే డిస్క్‌కు, లోహ భాగాలకు బాగుంటుంది, త్వరగా ఆరిపోతుంది. సీళ్ల మీద నేరుగా కొట్టడం గురించి తయారీదారుల మాటల్లో తేడాలుంటాయి కాబట్టి డబ్బా మీద రాసింది చదవాలి. లోపలి భాగాల విషయంలో సర్వీసు మాన్యువల్స్ అనేకం చెప్పేది ఒకటే, కొత్త బ్రేకు ద్రవంతోనే కడగమని. ఖర్చు ఎక్కువే, అనుమానం లేని దారి కూడా అదే. స్లైడ్ పిన్నులకు సిలికోన్ గ్రీజు. చక్రం బేరింగుకు పెట్టే పసుపు గ్రీజు పిన్నుల రబ్బరు బూట్లను పాడుచేస్తుంది.

ఎమరీ పేపరు మాట కూడా తేల్చాలి. ప్యాడ్ ముఖం గాజులా మెరుస్తుంటే సన్నటి పేపరుతో గరుకు చేయడంలో తప్పులేదు. పిస్టన్‌ను రుద్దడం వేరే విషయం. ఉక్కు పిస్టన్ మీద ఉన్న క్రోమ్ పూత మందం మైక్రాన్లలో ఉంటుంది. గీత పడిందంటే అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది, ఆ గరుకు సీలును కోస్తుంది. గోటికి తగిలే గుంటలున్న పిస్టన్‌ను మార్చాల్సిందే.

ప్యాడ్ పొడిని ఊదవద్దు, గాలి పైపుతో కొట్టవద్దు. తడి గుడ్డతో తుడవడం మేలు. మన దేశంలో ఆస్బెస్టాస్ వాడకం మీద సంపూర్ణ నిషేధం లేదు. పేరూ ఊరూ లేని చవక ప్యాడ్‌లో ఏముందో కొన్నవాడికీ అమ్మినవాడికీ తెలియదు.

## ద్రవం ఎందుకు మార్చాలి: ఘాట్ రోడ్డు లెక్క

గ్లైకాల్ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. మూత దగ్గర నుంచి, రబ్బరు గొట్టం గోడల గుండా కూడా తేమ చేరుతుంది. అందుకే ప్రమాణాల్లో రెండు మరుగు స్థానాలు ఇస్తారు. కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఇవే అంకెలు 230, 155. డాట్ 5.1కు 260, 180. డాట్ 5 అంకెలు కూడా 260, 180లే గానీ అది సిలికోన్ ద్రవం, మిగతా వాటితో కలవదు. పెద్ద అంకె కాబట్టి మంచిదని డాట్ 4 బండిలో డాట్ 5 పోస్తే సమస్య కొనితెచ్చుకున్నట్టే.

ఊళ్లో తిరిగే బండికి 140 డిగ్రీలు ఎక్కడ వస్తాయి అనిపించవచ్చు. తిరుమల నుంచి తిరుపతికి దిగడం తీసుకోండి. ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. బండి, ఇద్దరు మనుషులు, సామాను కలిపి 280 కిలోలు అనుకుందాం. దిగేలోగా వదిలించుకోవాల్సిన శక్తి 19 లక్షల జౌళ్లకు పైమాటే. గది వేడిలో ఉన్న ఆరు లీటర్ల నీళ్లను మరిగే స్థితికి తేవడానికి సరిపడే వేడి అది. గేరులో దిగితే ఇందులో చెప్పుకోదగ్గ భాగం ఇంజను తీసుకుంటుంది, కొంత గాలి తీసుకుంటుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాడి బండిలో దాదాపు మొత్తం డిస్కులు, డ్రమ్ముల మీదే పడుతుంది. పాత ద్రవంలోని నీరు క్యాలిపర్ దగ్గర ఆవిరైతే అది కూడా గాలి బుడగలాగే నలుగుతుంది. లివర్ ఒక్కసారిగా మెత్తబడుతుంది. కింద అరగంట ఆపితే చల్లబడి బ్రేకు మామూలైపోతుంది, మర్నాడు మెకానిక్ చూసి ఏ లోపమూ లేదంటాడు.

చాలా కంపెనీల మాన్యువల్స్ రెండేళ్లకోసారి ద్రవం మార్చమనేది ఇందుకే. నల్లబడిందా లేదా అన్నది కొంతవరకే గుర్తు, తేమ కంటికి కనపడదు. మూత తీసి పెట్టిన సీసాలో మిగిలిన ద్రవాన్ని ఏడాది తర్వాత వాడటం కూడా ఇదే కారణంగా దండగ.

ఇంకో చిక్కు. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ బయటికొచ్చి, డబ్బాలో మట్టం తగ్గుతుంది. ఇది సహజం. ఎవరో చూసి మట్టం తగ్గిందని నింపేస్తారు. కొత్త ప్యాడ్లకోసం పిస్టన్‌ను వెనక్కి నొక్కగానే ఆ అదనపు ద్రవం పొంగి ట్యాంకు మీద పడుతుంది. పెయింటును అది తినేస్తుంది. వెంటనే నీళ్లతో కడిగితే ఆ ద్రవం పోతుంది, గుడ్డతో తుడిచి ఊరుకుంటే పోదు.

## పిస్టన్ బయటికి తీసే పని

ఇక మూడోది. ఇందులో మొదటి ప్రమాదం చేతివేళ్లకు. బిగుసుకున్న పిస్టన్‌ను కంప్రెసర్ గాలితో తోయడం షెడ్లలో మామూలు. పై ఉదాహరణలోని 32 మిల్లీమీటర్ల పిస్టన్ మీద 6 కిలోల గాలి ఒత్తిడి పెడితే దాని వెనక 48 కిలోల బలం ఉంటుంది, అదీ తూటాలా ఒక్కసారిగా వదులుతుంది. గొట్టం తీయకముందే బ్రేకు లివర్‌తోనే నెమ్మదిగా పిస్టన్‌ను బయటికి తెప్పించడం దీనికంటే నయం.

పాత సీళ్లు బాగానే ఉన్నాయి, కడిగి వేసేద్దాం అనేవాళ్ల వాదన డబ్బుదీ, దొరకడందీ. చిన్న ఊళ్లలో అసలు కిట్ దొరక్కపోవచ్చు, నకిలీ కొత్త సీలు కంటే మంచి పాత సీలు మేలనిపించవచ్చు. మాన్యువల్స్ మాత్రం విప్పిన ప్రతిసారీ సీళ్లు మార్చమనే అంటాయి. ఎందుకంటే వెనక్కి లాగే గుణం చూపుతో తేలేది కాదు. గాడిలో పేరుకున్న తెల్లటి తుప్పును సీలుతోపాటు తీయకపోతే కొత్త కిట్ వేసినా ఫలితం ఉండదన్నది ఎక్కువమంది మర్చిపోయే సంగతి. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో అల్యూమినియం క్యాలిపర్లకు ఇది త్వరగా వస్తుంది.

ఏబీఎస్ ఉన్న బండిలో ఇంకో మెలిక ఉంది. లైను ఖాళీ అయి గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి చేరితే, కొన్ని మోడళ్లలో దాని లోపలి వాల్వులను డయాగ్నస్టిక్ పరికరంతో తెరిస్తే తప్ప ఆ గాలి బయటికి రాదు. ఇంటి దగ్గర క్యాలిపర్ మీద గాలి వదిలే నిపుల్‌ను ఎన్నిసార్లు వదులు చేసి బిగించినా లివర్ గట్టిపడదు. అందువల్ల ఏబీఎస్ బండిలో మూడో పనిని ఇంటి పనుల్లో లెక్కేయడం నాకైతే సరి అనిపించదు.

హైడ్రాలిక్ బ్రేకుల సైకిళ్లు కొన్నవాళ్లకు పైన చెప్పిన రబ్బరు లెక్క తలకిందులు కావచ్చు. షిమానో బ్రేకులు మినరల్ ఆయిల్‌తో నడుస్తాయి, ఎస్ఆర్ఎఎమ్ (SRAM) కంపెనీ మోడళ్లు చాలా ఏళ్లుగా డాట్ ద్రవంతో నడుస్తున్నాయి, ఈమధ్య కొన్ని మినరల్ ఆయిల్‌కు మారాయి. ఒకదానిలో ఒకటి పోస్తే సీళ్లు పోతాయి. మూత మీదో లివర్ మీదో రాసి ఉన్నదే ప్రమాణం.

చివరగా, మూడు పనుల్లో దేనికైనా వర్తించేది ఒకటుంది. పిస్టన్లను వెనక్కి నొక్కి ప్యాడ్లు బిగించాక మొదటిసారి లివర్ నొక్కితే అది హ్యాండిల్‌కు తగిలేదాకా పోతుంది, బ్రేకు పడదు. 0.16 మిల్లీమీటర్ల లెక్క గుర్తుంటే కారణం అర్థమవుతుంది: వెనక్కి వెళ్లిన పిస్టన్ మళ్లీ డిస్క్ దగ్గరికి రావడానికి చాలా నొక్కుళ్లు కావాలి. బండి స్టాండు మీద ఉండగానే లివర్ గట్టిపడేదాకా నొక్కాలి. ఆ తర్వాత కూడా మెత్తగానే ఉంటే లోపల గాలి ఉన్నట్టే, బండిని తోసుకుంటూ వెళ్లాల్సింది మెకానిక్ దగ్గరికి.